రెండు లిపుల కళాశాలలో ఆన్‌లైన్ అభ్యసన వ్యవస్థ

కొంతకాలంగా మన కళాశాల అధ్యాపకుల గదిలోను, కార్యవర్గ సమావేశాలలోను ‘ఎల్.ఎం.ఎస్.’ అన్న మూడక్షరాల మాట తరచుగా వినవస్తున్నది. దీనిని తెలుగులో అభ్యసన నిర్వహణ వ్యవస్థ అనవచ్చు. పేరు వినడానికి బరువుగా ఉన్నది గాని విషయం అంత బరువైనది కాదు. కొందరు దీనిని అధ్యాపకుని కుర్చీలో కూర్చుండబోయే యంత్రమని శంకిస్తున్నారు. మరికొందరు ఒక కంప్యూటరు కొని మూలన పెడితే తక్కినవన్నీ వాటంతట అవే జరిగిపోతాయని ఆశిస్తున్నారు. శంకకూ ఆధారం లేదు, ఆశకూ ఆధారం లేదు. అసలిది ఏమిటి, దీనిని నెలకొల్పడానికి ఏమేమి కావాలి, ఉర్దూ తెలుగు భాషలు పక్కపక్కన నడిచే మనవంటి కళాశాలలో ఇది ఎక్కడ చిక్కుబడుతుంది అన్న సంగతులను విద్యార్థుల కొరకు, కార్యవర్గ సభ్యుల కొరకు ఇక్కడ వివరిస్తున్నాము.

తరగతి గదిలో మనం వేర్వేరుగా ఉంచుకొనే కొన్ని వస్తువులను తలచుకొనండి. హాజరు పట్టీ, పాఠాల నోట్సు, ఇంటిపని కాగితాల కట్ట, మార్కుల రిజిస్టరు, గోడమీది ప్రకటనల బల్ల. వీటినన్నిటిని ఒక సర్వరులో చేర్చి, ప్రతి విద్యార్థికి ఒక ఖాతాను, ఒక సంకేతపదాన్ని ఇచ్చి, ఎవరికి ఏది కనిపించాలో ఏది కనిపించకూడదో నిర్ణయించే ఏర్పాటే ఈ వ్యవస్థ. ఇందులో ముఖ్యమైనది చివరి మాటే. బి.ఏ. రెండవ సంవత్సరపు చరిత్ర విద్యార్థినికి తన పాఠాలు, తన మార్కులు కనిపిస్తాయి. పక్క విద్యార్థిని మార్కులు కనిపించవు. అధ్యాపకునికి తన తరగతి అంతా కనిపిస్తుంది; ఇతర శాఖల ప్రశ్నల నిధి కనిపించదు. ప్రిన్సిపాలుగారికి అన్ని తరగతులు కనిపించవచ్చును గాని మార్కులను మార్చే అధికారం ఉండనవసరం లేదు. ఈ తేడాలను సాంకేతికులు ‘రోల్’ అంటారు. మనం హోదా అనుకొందాము.

‘వాట్సాప్ బృందాలు ఉన్నవి గదా, మళ్లీ ఇదెందుకు?’ అని అడిగేవారున్నారు. ప్రశ్న సమంజసమైనదే. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు చిన్న కళాశాలలను ఆదుకొన్నది చాలావరకు వాట్సాపే. ఆ మేలు మరువరాదు. ఐతే అక్కడ ఉదయం పంపిన పాఠం సాయంకాలానికి పండుగ శుభాకాంక్షల కింద పూడుకొనిపోతుంది. ఫోను మారితే పాత నోట్సు పోతుంది. ఇంటిపని ఎవరు ఏ తేదీన ఇచ్చినారో చెప్పే లెక్క ఉండదు. అన్నిటికంటె ముఖ్యమైన చిక్కు మరొకటి. బృందంలో చేరిన ప్రతి అమ్మాయి ఫోను నంబరు తరగతిలోని అందరికీ తెలిసిపోతుంది. ఈ ఒక్క కారణంతో కూతుళ్లను బృందాలలో చేరనీయని తల్లిదండ్రులు ఉన్నారు. వారిని ఛాందసులని తేలికగా అనేవారు ఒకసారి తమ ఇంటి ఆడపిల్ల నంబరును అరవైమంది చేతిలో పెట్టి చూడవలెను.

దూరం నుండి పాఠం చెప్పడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఏ.టి.ఎస్.-6 అన్న అమెరికా ఉపగ్రహం సహాయంతో ‘సైట్’ ప్రయోగం జరిగినది. ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు అందినవి. ఆంధ్రప్రదేశ్ ఆ రాష్ట్రాలలో ఒకటి, తెలుగు ఆ ప్రసార భాషలలో ఒకటి. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినది; దేశంలో ఆ తరహా విశ్వవిద్యాలయాలలో అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టినారు. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా మొదట దూరవిద్యతోనే పని ప్రారంభించినది. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం ‘స్వయం’ వేదికను ప్రారంభించినది. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు వినిపించినారు. వీటిలో ప్రసారాలన్నీ ఒకవైపు నుండే ప్రవహించినవి. పెట్టె ముందు కూర్చున్న పిల్లవానికి అర్థమైనదో లేదో పెట్టెకు తెలియదు. ‘స్వయం’ జవాబులు అడుగుతుంది గాని అది దేశానికంతటికి ఒక్కటే తరగతి. మన రెండవ వరుసలో కూర్చునే అబ్బాయి ఎందుకు వెనుకబడినాడో దానికి అక్కరలేదు. మనం చెప్పుకొంటున్న వ్యవస్థ ఒక కళాశాలకు సొంతమైనది. తేడా అక్కడ ఉన్నది.

ఇటువంటి వ్యవస్థలలో ప్రపంచమంతటా ఎక్కువగా వాడుకలో ఉన్న వాటిలో ‘మూడిల్’ ఒకటి. దాని పుట్టుక తెలుసుకోదగినది. దానిని రూపొందించిన మార్టిన్ డూగియామాస్ పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగినాడు. చుట్టుపక్కల బడి లేదు. అతని చదువు షార్ట్‌వేవ్ రేడియో ద్వారాను, విమానంలో వచ్చే పాఠాల కట్టల ద్వారాను సాగినది. పెద్దవాడై పెర్త్ నగరంలోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, అక్కడ వాడుకలో ఉన్న వాణిజ్య సాఫ్ట్‌వేరుతో విసిగి, సొంతంగా ఒకటి వ్రాయనారంభించినాడు. దాని తొలి పూర్తి రూపం 2002 ఆగస్టులో వెలువడినది. దానిని ఎవరైనా రుసుము లేకుండా తీసుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు ఇవ్వవచ్చును అన్న షరతుతో విడుదల చేసినాడు. షామీర్‌పేట పక్కన జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం విద్యార్థులు కూడా తమ కోర్సులకు వాడుకొనే వ్యవస్థ మూడిల్ మీద నిర్మించినదే. అనగా మన బస్సు దారిలోనే దీనికి దృష్టాంతం ఉన్నది. వారి సాధన సంపత్తి వేరు, మన సంపత్తి వేరు. కాని సాఫ్ట్‌వేరు మాత్రం వారికీ మనకూ ఒక్కటే, ధర కూడా ఒక్కటే, సున్న.

2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూము సంగతి ఏమిటి? అది సులభమైనది. సర్వరు అవసరం లేదు, ఒక్క పూటలో మొదలుపెట్టవచ్చును. ఒకరిద్దరు అధ్యాపకులు తమ తరగతులకు మాత్రమే కావాలనుకొంటే మేము దానినే సూచిస్తాము. కాని కళాశాల మొత్తానికి, అనేక సంవత్సరాల మార్కులకు, ప్రశ్నల నిధికి, రెండు లిపులకు అనుకూలంగా కావాలంటే మూడిల్ మేలని మా అభిప్రాయం. ఒకటి అద్దె ఇల్లు, రెండవది సొంత ఇల్లు. సొంత ఇంటికి సున్నం వేయించుకొనే బాధ్యత కూడా మనదే అని మాత్రం మరువరాదు.

ఇక ఏర్పాటు. ముందుగా ఒక చిరునామా కావాలి. మనదేశంలో విద్యాసంస్థలకు ‘ఏసీ డాట్ ఇన్’ తో ముగిసే చిరునామాలను ఎర్నెట్ ఇండియా అన్న సంస్థ ఇస్తుంది. గుర్తింపు పత్రాలు చూపవలెను. తరువాత సర్వరు. దీనిని కళాశాల గదిలో ఉంచుకొనవచ్చును, లేదా నెలకింత అని బయట అద్దెకు తీసుకొనవచ్చును. కరెంటు పోయినప్పుడు మన గదిలోని యంత్రం ఆగిపోతుంది. విద్యార్థులు చదువుకొనేది ఎక్కువగా రాత్రివేళ, అప్పుడు దానిని తిరిగి లేపడానికి కళాశాలలో ఎవరూ ఉండరు. కావున అద్దె సర్వరే మేలు. ఎంత పెద్దది కావాలి అన్నది తరువాతి ప్రశ్న. ఒక జి.బి. జ్ఞాపకశక్తికి ఏకకాలంలో పనిచేసేవారు పది నుండి ఇరవైమంది వరకు అని మూడిల్ వాడుకరులు స్థూలంగా ఒక లెక్క చెబుతుంటారు. నాలుగు జి.బి. సర్వరు మీద నలభై నుండి ఎనభైమంది అన్నమాట. కళాశాలలో చేరినవారి సంఖ్యకు ఈ లెక్కతో సంబంధం లేదు. ఒకే క్షణాన మీట నొక్కేవారి సంఖ్యతోనే సంబంధం. ఉదయం పది గంటలకు మూడు తరగతులకు ఒక్కసారిగా పరీక్ష పెడితే యంత్రం కూలబడుతుంది. అరగంట తేడాతో పెడితే అదే యంత్రం నెమ్మదిగా నడిపిస్తుంది. పెద్ద సర్వరు కొనడానికి ముందు కాలపట్టిక సర్దుకొనడం నేర్వవలెను.

నిల్వ స్థలానికి కూడా చిన్న లెక్క ఉన్నది. అరవైమంది విద్యార్థులు నాలుగేసి పేజీల ఇంటిపనిని ఫోనుతో ఫోటో తీసి పంపినారనుకొందాము. ఒక ఫోటో మూడు ఎం.బి. అయితే ఒక్క ఇంటిపనికి 720 ఎం.బి. అవుతుంది. అదే కాగితాలను ఫోనులోని స్కానరుతో పి.డి.ఎఫ్.గా చేసి పంపితే అందులో కొద్ది భాగంతో సరిపోతుంది, అక్షరాలు కూడా స్పష్టంగా ఉంటాయి. వీడియో పాఠాలను ఈ సర్వరులో ఉంచనే కూడదు. వాటిని యూట్యూబులో ఉంచి ఇక్కడ లంకె ఇస్తే చాలును.

ఇంతవరకు చెప్పినది ఏ కళాశాలకైనా వర్తిస్తుంది. మన కళాశాలకు ప్రత్యేకమైన చిక్కు మొదటి రోజే, పేర్ల దగ్గరే ఎదురవుతుంది. విద్యార్థులను ఒక్కొక్కరుగా చేర్చే పని లేకుండా, జాబితాను ఒక పట్టికగా తయారుచేసి ఒకేసారి ఎక్కించే సౌకర్యం మూడిల్‌లో ఉన్నది. ఆ పట్టికలో నాలుగు గడులు తప్పనిసరి: వాడుకరి గుర్తు, మొదటి పేరు, చివరి పేరు, ఈమెయిలు. ఇది పడమటివారి పేర్లను దృష్టిలో ఉంచుకొని చేసిన ఏర్పాటు. మన తెలుగు విద్యార్థికి ఇంటిపేరు ముందు వస్తుంది, అది కూడా తరచుగా పొడి అక్షరంగానే. మన ముస్లిం విద్యార్థినులలో ఎందరికో ఇంటిపేరే లేదు. ‘సనా’ అన్న పేరుకు చివరి పేరు ఏది? ‘మహమ్మద్’ అన్నది ఒక పత్రంలో పూర్తిగా, మరొక పత్రంలో ‘ఎం.డి.’ అని, ఇంకొక పత్రంలో ‘మొహమ్మద్’ అని ఉంటుంది. ఒకే తరగతిలో ఒకే పేరుగల ముగ్గురుంటారు. పేరును బట్టి వాడుకరి గుర్తు ఇచ్చినామంటే మొదటి వారంలోనే ఒకరి మార్కులు మరొకరి ఖాతాలో పడతాయి.

దీనికి మార్గం హాల్‌టికెట్ సంఖ్యనే వాడుకరి గుర్తుగా ఇవ్వడం. అది ఇద్దరికి ఒక్కటి కాదు, స్పెల్లింగు మారదు, విద్యార్థికి కంఠస్థంగా ఉంటుంది. పేరు మాత్రం మెమోలో ఉన్నది ఉన్నట్లు మొదటి గడిలో పూర్తిగా వ్రాసి, చివరి పేరు గడిలో తరగతి గుర్తు వేయవచ్చును. పుస్తక ప్రకారం ఇది సరికాదని సాంకేతికులు అంటారు. కాని ఒక అమ్మాయికి లేని ఇంటిపేరును యంత్రం కొరకు మనం కల్పించడం అంతకంటె సరికాదు. ఈమెయిలు గడిలో మరొక ముడి ఉన్నది. ఒకే ఈమెయిలుతో రెండు ఖాతాలను మూడిల్ మామూలుగా ఒప్పుకొనదు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ మన కళాశాలలోనే చదువుతూ ఇంటికంతటికి ఒక్క ఈమెయిలుంటే రెండవ పేరును యంత్రం తోసివేస్తుంది. తోసివేయబడే రెండవ పేరు ఎవరిదై ఉంటుందో చెప్పనక్కరలేదు. దీనిని సడలించే మీట పాలనా విభాగంలో ఉన్నది. లేదా కళాశాల పేరుతోనే ప్రతి విద్యార్థికి ఒక ఈమెయిలు ఇవ్వవచ్చును. మేము రెండవదానినే కోరుతున్నాము.

పేర్ల తరువాత లిపులు. మన అధ్యాపకుల దగ్గర ఏళ్ల తరబడి పోగుచేసిన నోట్సు కంప్యూటరులో ఉన్నది. తెలుగు నోట్సు చాలావరకు ‘అను’ ఖతులలోను, ఉర్దూ నోట్సు పాత ‘ఇన్‌పేజ్’లోను టైపు చేయించినది. ముద్రణాలయానికి అవి చక్కగా పనిచేసినవి. కాని అవి యూనికోడు కావు. ఆ అక్షరాలను నకలు తీసి ఎల్.ఎం.ఎస్.లో అతికిస్తే తెరమీద అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది. యూనికోడు అంటే ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికి ఒక స్థిరమైన సంఖ్యను ఇచ్చే ఒప్పందం. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు, అరబీ లిపులకు చోటు దొరికినది. పాత నోట్సును మార్చడానికి పరికరాలున్నవి. అవి మార్చిన తరువాత మనిషి ఒకసారి చదివి దిద్దవలెను. కావున పాత పాఠాలను పి.డి.ఎఫ్.గా యథాతథంగా ఎక్కించి, కొత్తగా వ్రాసేవాటిని, ముఖ్యంగా ప్రశ్నలను, యూనికోడులో టైపు చేయడం తక్షణ మార్గం.

ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది. ఈ దిశను మూడిల్ ఎరుగును. వ్రాసే పెట్టెలో దిశ మార్చే మీట ఉన్నది. దానిని నొక్కకుండా ఉర్దూ వాక్యంలో ఒక సంవత్సరమో, ఒక ఇంగ్లీషు మాటో చేర్చితే పదాల వరుస తారుమారై, ప్రశ్న అడిగినది ఒకటి, కనిపించేది ఒకటి అవుతుంది. మరొక సంగతి. మన పిల్లలు నస్తాలీఖ్ వ్రాతలో చదవడం నేర్చినవారు. చాలా ఫోనులు ఉర్దూను నస్ఖ్ వ్రాతలో చూపుతాయి. అక్షరాలు అవే అయినా కంటికి అలవాటు లేక చదువు మందగిస్తుంది. ‘నోటో నస్తాలీఖ్ ఉర్దూ’ అన్న ఖతి ఉచితంగా లభిస్తున్నది. దానిని వ్యవస్థలో ఒక్కసారి అమర్చితే అందరికీ పనికివస్తుంది. కాలపరిమితి గల పరీక్షలో ఇది అలంకారం కాదు, మార్కుల విషయం.

మార్కుల మాట వచ్చినది గనుక ఇక్కడ కొంతసేపు ఆగవలసి ఉన్నది. ఎల్.ఎం.ఎస్. అనగానే అందరినీ ఆకర్షించేది యంత్రమే జవాబులు దిద్దే సౌకర్యం. నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొనే ప్రశ్నలకు అది నమ్మదగినది. ఒక్క మాటలో జవాబు వ్రాయమన్న ప్రశ్నలకు మాత్రం మన రెండు భాషలలోను అది ప్రమాదకరమైనది. ‘మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కలెక్టరు కార్యాలయం ఏ మండలంలో ఉన్నది?’ అని అడిగినామనుకొనండి. జవాబు ‘షామీర్‌పేట’. ఈ మాటలో ‘ర్’ కు ‘పే’ కు నడుమ కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది. అదే ఆ రెండింటిని విడిగా నిలుపుతున్నది. అది లేకుండా టైపు చేస్తే ‘షామీర్పేట’ అని ‘ర’ కింద ‘ప’ వత్తు వస్తుంది. ఫోనులో ఆ అదృశ్యాక్షరం ఎక్కడున్నదో చాలామందికి తెలియదు. కొందరు ‘శామీర్‌పేట’ అంటారు, కొందరు ‘షామీరుపేట’ అంటారు. మనిషి దిద్దితే నాలుగూ సరియైనవే. యంత్రం దిద్దితే ఒకటి సరి, మూడు తప్పు.

ఉర్దూలో ఈ ఇబ్బంది ఇంకా సూక్ష్మమైనది. ఫోనులో అరబీ కీబోర్డు పెట్టుకొన్న విద్యార్థి వ్రాసిన ‘యే’కు, ‘కాఫ్’కు యూనికోడులో ఒక సంఖ్య, ఉర్దూ కీబోర్డు పెట్టుకొన్న విద్యార్థి వ్రాసిన అవే అక్షరాలకు మరొక సంఖ్య. పదం నడుమ కలిసి వచ్చినప్పుడు రెండూ చూపుకు ఒక్కటిగానే ఉంటాయి. జవాబు సరిగా వ్రాసి సున్న తెచ్చుకొన్న విద్యార్థి తెరను ఎన్నిసార్లు చూసినా తన తప్పేమిటో కనుగొనలేడు, ఎందుకంటే తప్పు అతనిది కాదు. అధ్యాపకునికి కూడా కనిపించదు. ఇంగ్లీషులో చదివే పిల్లలకు రాని ఈ శిక్ష తన భాషలో చదువుతున్నందుకు మన పిల్లలకు వస్తుంది. అంతర్గత మార్కులు డిగ్రీ మెమోలో కలిసేవి. ఒక్క మార్కుతో పరీక్ష తప్పేవారు ఉన్నారు.

దీనిని నివారించవచ్చును. ఒక ప్రశ్నకు సరియైన జవాబులు ఎన్నయినా ఇవ్వడానికి మూడిల్‌లో వీలున్నది. తెలిసిన రూపాలన్నిటిని ముందే వ్రాసి ఉంచవలెను. పరీక్ష తరువాత విద్యార్థులు వ్రాసిన జవాబులను ఒకసారి చదివి, సరియైన రూపం ఏదైనా తప్పిపోయి ఉంటే చేర్చి, మళ్లీ దిద్దమని ఆజ్ఞ ఇస్తే అందరి మార్కులు సరిదిద్దబడతాయి. అధ్యాపకునికి ఒక గంట పని. ఆ గంట కేటాయించలేనప్పుడు అటువంటి ప్రశ్న అడగనే కూడదు. అధ్యాపకుడు చూడని యంత్రపు మార్కును కనీసం మొదటి విద్యా సంవత్సరంలో అంతర్గత మార్కులలో కలపరాదని కార్యవర్గం ఒక తీర్మానం చేయవలసినదిగా మేము మనవి చేస్తున్నాము. ఈ వ్యాసంలో మేము పట్టుబట్టి అడుగుతున్నది ఏదైనా ఉంటే అది ఇదే.

తెరమీది మీటల పేర్లు ఏ భాషలో ఉండాలి అన్నది ఆహ్లాదకరమైన చర్చ. మూడిల్‌కు తెలుగు, ఉర్దూ భాషల కూర్పులున్నవి. ఎవరికి కావలసిన భాషను వారు ఎంచుకొనవచ్చును. ఐతే అన్ని మాటలు అనువదింపబడలేదు గనుక నడుమ నడుమ ఇంగ్లీషు తొంగిచూస్తుంటుంది. ఈ అనువాదాలను ప్రపంచంలోని వాడుకరులే స్వచ్ఛందంగా చేస్తున్నారు. మన తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు ఎందుకు చేయరాదు? ఉస్మానియా విశ్వవిద్యాలయం తరగతులు మొదలు కాకమునుపే, 1917లోనే, ఉర్దూలో పాఠ్యగ్రంథాల కొరకు దారుల్ తర్జుమా వెలసినది. తెలుగులో ఉన్నత విద్యా గ్రంథాల కొరకు 1968లో తెలుగు అకాడమి ఏర్పడినది. ఆ రెండు సంస్థలూ హైదరాబాదులోనివే. పారిభాషిక పదాలు కూర్చడం ఈ నగరానికి పాత విద్య.

మా అనుభవంలో తేలిన ఒక సంగతి చెప్పుతాము. సంస్కృత పదాలతో కూర్చిన తెలుగు మీటలు మన ఉర్దూ విద్యార్థులకు, అరబీ పదాలతో కూర్చిన ఉర్దూ మీటలు మన తెలుగు విద్యార్థులకు కొరుకుడుపడవు. కాని కచేరీలలోను అంగళ్లలోను శతాబ్దాలుగా నలిగిన మాటలు కొన్ని ఇద్దరికీ సొంతం. ఖాతా, హాజరు, దాఖలు, జాబితా, తారీఖు, సవాలు, జవాబు, నకలు, వాయిదా, నమూనా. ‘సమర్పించు’ అన్న మీటను చూసి సందేహించిన విద్యార్థి ‘దాఖలు చేయి’ అంటే తడుముకొనడు. మేడ్చల్ తహశీలు కార్యాలయంలో అతని తండ్రి వాడే మాటే అది. ‘సవాలు’ ఒక్కటి మాత్రం కొంచెం మోసం చేస్తుంది, తెలుగులో దానికి పందెపు వాసన అంటినది. తక్కినవాటితో రెండు లిపులలో ఒకే మెనూ తయారుచేయవచ్చును. పండితులు ముఖం చిట్లించవచ్చును. వారికి పండిత మెనూ వేరుగా ఇద్దాము.

ఇక ఇంటి సంగతి. మన విద్యార్థులు రెండు దారుల నుండి వస్తున్నారు. మేడ్చల్ వైపు నాగపూర్ వెళ్లే జాతీయ రహదారి మీది ఊళ్లవారు కొందరు, షామీర్‌పేట, తుర్కపల్లి వైపు కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీది ఊళ్లవారు కొందరు. సాయంకాలం గోదాములలోను దుకాణాలలోను పనిచేసి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవారు వీరిలో ఉన్నారు. ఎందరి ఇళ్లలోనో ఫోను ఒక్కటే. అది తండ్రితోనో అన్నతోనో పగలంతా బయట తిరుగుతుంది. ఇంటికి వచ్చిన తరువాత ఎవరికి ముందు దొరుకుతుంది అన్నది ఆ ఇంటి న్యాయాన్ని బట్టి ఉంటుంది. కావున ఇంటిపనికి గడువు అర్ధరాత్రి పన్నెండు అని పెట్టడం కంటె మరునాటి మధ్యాహ్నం అని పెట్టడం మేలు. కళాశాలకు వచ్చినవారు ఇక్కడి కంప్యూటరు గదిలో కూర్చుండి దాఖలు చేయగలరు. మూడిల్ ఫోను అనువర్తనంలో మరొక మంచి గుణం ఉన్నది. కళాశాలలో నెట్ ఉన్నప్పుడు పాఠాలను దించుకొని ఇంటివద్ద నెట్ లేకుండా చదువుకొనవచ్చును. అధ్యాపకుడు అనుమతిస్తే కొన్ని అభ్యాసాలకు జవాబులు కూడా వ్రాసి ఉంచి, మళ్లీ నెట్ దొరికినప్పుడు పంపవచ్చును. ఇంత చేసినా కాగితం మీద తెచ్చి ఇచ్చిన ఇంటిపనికి అదే విలువ ఉండవలెను. అధ్యాపకుడే దానిని చేర్చి మార్కు వేయగలడు. ఫోను లేకపోవడం చదువులో లోపం కాదు.

ఒక్క ఫోనును నలుగురు పంచుకొనే ఇంట్లో సంకేతపదం ఏమవుతుంది? ఫోను దానిని గుర్తుంచుకొంటుంది, నలుగురూ చూస్తారు. ఒకరి ఖాతా అమానత్ వంటిదని, పని ముగియగానే ‘నిష్క్రమించు’ నొక్కవలెనని విద్యార్థులకు నేర్పవలెను. ఖాతాలో ఫోటో పెట్టడం తప్పనిసరి కారాదు. ఫోను నంబరు గడిని ఇతరులకు కనిపించకుండా మూసివేయవచ్చును, మూసివేయవలెను. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుతున్నది. మన మొదటి సంవత్సరంలో పదిహేడేళ్లవారున్నారు. ప్రవేశ పత్రంతోపాటే ఉర్దూ తెలుగు భాషలలో ఒక సమ్మతి పత్రాన్ని జతచేయడం తేలికైన పని, కాగితం ఖర్చు తప్ప మరొకటి లేదు.

చివరగా తాళపుచెవుల విషయం. ఈ వ్యవస్థలో అన్ని తలుపులు తెరవగల ఒక ప్రధాన ఖాతా ఉంటుంది. అనేక సంస్థలలో అది ఉత్సాహవంతుడైన ఒక యువ అధ్యాపకుని జేబులో ఉంటుంది. అతడు వేరొక ఉద్యోగానికి వెళ్లిన మరునాడు కళాశాల తన ఇంటి బయట తాను నిలబడుతుంది. ప్రధాన సంకేతపదం సీలువేసిన కవరులో ప్రిన్సిపాలుగారి బీరువాలో ఉండవలెను, మరొక ఇద్దరికి పాలనా హోదా ఉండవలెను. సర్వరు అద్దె, చిరునామా రుసుము ఏ నెలలో చెల్లించవలెనో కార్యాలయ డైరీలో వ్రాసి ఉంచవలెను. వారానికొకసారి మొత్తం సమాచారానికి నకలు తీసి వేరొక చోట భద్రపరచవలెను. నకలు తీయడం ఎంత అవసరమో, ఆ నకలునుండి వ్యవస్థను తిరిగి నిలబెట్టగలమో లేదో ఏడాదికి రెండుసార్లు పరీక్షించడం కూడా అంతే అవసరం.

ప్రస్తుతం మొదటి సంవత్సరపు చరిత్ర, ఉర్దూ, తెలుగు తరగతులతోనే ప్రారంభించవలెనని ప్రతిపాదన. ఈ మూడు తరగతుల విద్యార్థులు తమ హాల్‌టికెట్ సంఖ్యను, మెమోలో ఉన్నట్లుగా పేరును ఒక చీటీపై వ్రాసి శాఖ గదిలోని పెట్టెలో వేయవలెను. ఇంటివద్ద ఫోను లేనివారు చీటీపై ఆ మాట కూడా వ్రాయవలెను. కంప్యూటరు గది వేళలను ఆ చీటీలను చూసిన తరువాతనే నిర్ణయిస్తాము.